గరికకు ఉన్న నీళ్లు వేరుశనగకు లేవా?

రైతు సంఘం పత్రికలో గోల్ఫ్ ఆట గురించి రాయడమేమిటని మన సభ్యులు కొందరు అడగవచ్చు. మద్దతు ధర, కౌలు రైతుల గుర్తింపు, నకిలీ విత్తనాలు, పంటల బీమా ఇన్ని ఉండగా బంతి, కర్రల గొడవ మనకెందుకని అనవచ్చు. అడగాల్సిన మాటే. కానీ గోల్ఫ్ మైదానం అంటే ముందు భూమి. ఆ తర్వాత నీరు. ఆట ఆ రెండింటి తర్వాత వస్తుంది. భూమి, నీరు ఎవరికి పోతున్నాయన్న లెక్క ఎక్కడ తీయాల్సి వచ్చినా అక్కడ రైతు సంఘానికి పని ఉంటుంది.

హైదరాబాద్‌లో ప్రభుత్వ పరిధిలోని నేల మీద 18 హోళ్ల గోల్ఫ్ మైదానాలు రెండు అందరి నోళ్లలో నానుతుంటాయి. ఒకటి గోల్కొండ కోటలోని నయాఖిల్లాలో ఉంది. రెండోది మణికొండ, నానక్‌రామ్‌గూడ దగ్గరి బౌల్డర్ హిల్స్. రెండింటినీ ఆడేవాళ్లు మెచ్చుకుంటారు. ఏడాది పొడవునా పచ్చగా ఉంటుందని, గడ్డి తివాచీలా ఉంటుందని, బండరాళ్ల మధ్య ఆట బాగుంటుందని చెబుతారు. బాగుండదని మేమూ అనడం లేదు. ఆ బాగు ఎవరి ఖర్చుతో వస్తోందన్నదే మా ప్రశ్న.

గడ్డి సేద్యం

ముందు ఈ మైదానం ఎలా ఉంటుందో మన భాషలో చెప్పుకుందాం. ఆటగాడు 'టీ' అనే చోట నిలబడి బంతిని కొడతాడు. అక్కడి నుంచి వందల గజాల పొడవున కురచగా కోసిన గడ్డి దారి ఉంటుంది. దాన్ని ఫెయిర్‌వే అంటారు. పక్కల ఎత్తుగా పెరగనిచ్చిన గడ్డిని రఫ్ అంటారు. నడుమ నడుమ ఉండే ఇసుక గుంటలు బంకర్లు. చివర గ్రీన్ ఉంటుంది. అది మెత్తటి గడ్డి మడి. అందులో నాలుగుంబావు అంగుళాల వెడల్పున ఒక చిన్న గుంత. బంతి ఆ గుంతలో పడాలి. ఇలాంటివి 18 దాటితే ఒక ఆట.

మైదానం బాగుందా లేదా అన్నది ముఖ్యంగా గ్రీన్‌ను చూసి చెబుతారు. అక్కడి గడ్డిని మూడు, నాలుగు మిల్లీమీటర్ల ఎత్తుకు దాదాపు రోజూ కోస్తారు. వేళ్లకు గాలి ఆడాలని నేలకు రంధ్రాలు పొడుస్తారు. చదును కోసం పైన సన్న ఇసుక చల్లుతారు. విడతలవారీగా నత్రజని వేస్తారు. మచ్చ తెగులు వస్తే మందు కొడతారు. బంతి గ్రీన్ మీద ఎన్ని అడుగులు దొర్లుతుందో కొలవడానికి ఒక సాధనం కూడా ఉంది. తొమ్మిది, పది అడుగులు దొర్లితే గ్రీన్ మంచి ఊపులో ఉందంటారు. ఇదంతా చూస్తే మనకు అర్థమయ్యేది ఒకటే. ఇది కూడా సేద్యమే. కాకపోతే కోత రోజూ ఉంటుంది, ఇంటికి గింజ రాదు.

ఇంతకూ ఆ పంట ఏమిటి? బెర్ముడా గడ్డి అంటారు. పేరు వింటే విదేశాల నుంచి దిగిన సరుకేమో అనిపిస్తుంది. దాని శాస్త్రీయ నామం సైనోడాన్ డాక్టిలాన్. అది మన గరికే. గ్రీన్ల మీద దాని సంకర రకాలు వేస్తారు. వినాయక చవితికి దేవుడి ముందు పెట్టేదీ, చేలో మొలిస్తే కలుపని పీకి గట్టున పారేసేదీ ఈ గరికే. గరిక పట్టిన చేనును బాగు చేయడానికి ఎన్ని దుక్కులు దున్నాలో, వేరు ముక్క మిగిలితే మళ్లీ ఎలా లేస్తుందో మనకు చెప్పక్కర్లేదు.

అసలు సంగతి ఇక్కడే ఉంది. గరిక నీళ్లు లేకపోతే చచ్చే మొక్క కాదు. ఎండాకాలం వస్తే రంగు మారి, ఎండినట్టు నేలకంటుకుని పడి ఉంటుంది. తొలకరి పడగానే లేస్తుంది. మన గట్ల మీద ఏటా చూస్తున్నదే. అంటే ఏప్రిల్, మే నెలల్లో ఫెయిర్‌వేల మీద పోసే నీరు గడ్డి ప్రాణం కాపాడడానికి కాదు. దాని రంగు కాపాడడానికి.

రంగు ఖరీదు ఎంత?

లెక్క వేద్దాం. 18 హోళ్ల మైదానంలో నీళ్లు పెట్టే గడ్డి మామూలుగా 80 నుంచి 100 ఎకరాలు ఉంటుంది. తక్కువే తీసుకుందాం, 80 ఎకరాలు. మన ఎండలకు గడ్డిని పచ్చగా ఉంచాలంటే రోజుకు సుమారు 5 మిల్లీమీటర్ల తడి కావాలి. ఎకరానికి 5 మిల్లీమీటర్లంటే దాదాపు 20 వేల లీటర్లు. 80 ఎకరాలకు రోజుకు 16 లక్షల లీటర్లు. వంద రోజుల ఎండాకాలానికి 16 కోట్ల లీటర్లు.

మిషన్ భగీరథ కింద పల్లెలో మనిషికి రోజుకు వంద లీటర్లు ఇస్తామన్నారు. ఆ లెక్కన 16 లక్షల లీటర్లు 16 వేల మందికి ఒక రోజు నీరు. నాలుగైదు పెద్ద ఊళ్ల జనం.

పంట లెక్క చూద్దాం. యాసంగి వేరుశనగకు పంటకాలం మొత్తానికి సుమారు 500 మిల్లీమీటర్ల నీరు కావాలి. అంటే ఎకరానికి 20 లక్షల లీటర్లు. ఈ గడ్డి ఐదు రోజులు తాగే నీటితో నాలుగెకరాల వేరుశనగ విత్తనం నుంచి కాయ దాకా పండుతుంది. వంద రోజులు తాగే నీటితో 80 ఎకరాలు పండుతుంది.

ఇది ఏ ఒక్క మైదానపు మీటరు చూసి చెప్పిన లెక్క కాదు. ఎండను, గడ్డిని, విస్తీర్ణాన్ని బట్టి వేసిన లెక్క. తప్పని ఎవరైనా అంటే సంతోషం. వాళ్ల మీటరు రీడింగు తెచ్చి నోటీసు బోర్డు మీద పెట్టమనండి. చూసి దిద్దుకుంటాం.

మన బోర్లకు మాత్రం లెక్క అడగనివాడు లేడు. 2002లో వాల్టా చట్టం వచ్చింది. బోరు వేయాలంటే అనుమతి తీసుకోవాలి. పక్క బోరుకు ఎంత దూరం ఉందో కొలుస్తారు. నీరు పడకపోతే అప్పు రైతు నెత్తిన పడుతుంది. ఉచిత కరెంటు ఇస్తే రైతు నీళ్లు తోడిపారేస్తున్నాడని, వరి వేసి భూగర్భజలం ఎండగడుతున్నాడని టీవీలో కూర్చున్న మేధావులు పాఠాలు చెబుతారు. ఆరుతడి పంటలు వేయమని వ్యవసాయ శాఖ చెబుతుంది. సరే, మనం వింటాం. మరి 80 ఎకరాల గరికకు ఆరుతడి పాఠం ఎవరు చెబుతారు?

శుద్ధి చేసిన మురుగునీరు వాడితే తప్పేమిటని కొందరంటారు. తాగునీటి కంటే అది మేలే, ఒప్పుకుంటాం. అయితే ఆ నీటికీ హక్కుదారులున్నారు. హైదరాబాద్ దిగువన మూసీ వెంట ఆ నీటితోనే రైతులు ప్యారా గడ్డి పెంచి బర్రెలను మేపుతున్నారు, వరి పండిస్తున్నారు. ఆ గడ్డి పాలై నగరానికే తిరిగి వస్తుంది. ఇక బోరు నీరు వాడితే అది చుట్టుపక్కల అందరి భూగర్భజలం. కుళాయి నీరు వాడితే అది సింగూరు నుంచి, కృష్ణ నుంచి, గోదావరి నుంచి వచ్చినది. సింగూరు నీళ్లు నగరానికి మళ్లాక ఘనపురం ఆనకట్ట కింది రైతులు తమ పొలాలకు నీళ్లు వదలండని ఎన్నిసార్లు రోడ్డెక్కారో మెదక్ జిల్లా సభ్యులకు తెలుసు. ఏ నీరైనా ఎవరో ఒకరి నోటి ముందు నుంచి రావాల్సిందే.

ఆటకు అంత పచ్చదనం కావాలా?

అక్కర్లేదు. ఈ మాట మేము ద్వేషంతో చెప్పడం లేదు. ఆ ఆట చరిత్రే చెబుతోంది.

గోల్ఫ్ పుట్టిల్లు స్కాట్లండ్. అక్కడి సెయింట్ ఆండ్రూస్ అనే ఊళ్లో ఓల్డ్ కోర్స్ అనే మైదానం ఉంది. ప్రపంచంలోని గోల్ఫ్ ఆటగాళ్లంతా దాన్ని పుణ్యక్షేత్రంలా చూస్తారు. సముద్రం పక్కన ఇసుక నేల అది. పూర్వం గొర్రెలు, కుందేళ్లు మేసి గడ్డిని కురచగా ఉంచేవి. చలిగాలికి గొర్రెలు ఒదిగి పడుకున్న పల్లాలే ఇసుక గుంటలయ్యాయని చెబుతారు. వానలు సరిగా పడని ఏడు అక్కడి మైదానాలు గోధుమ రంగుకు తిరుగుతాయి. ఆడేవాళ్లు దాన్ని లోపమనుకోరు. నేల గట్టిపడితే బంతి ఎక్కువ దూరం దొర్లుతుంది, ఆట ఇంకా తెలివిగా ఆడాలంటారు.

అంత దూరం పోనక్కర్లేదు. మన దేశంలోనే చాలా పాత మైదానాల్లో, ముఖ్యంగా కంటోన్మెంట్లలో, గ్రీన్లకు బదులు 'బ్రౌన్లు' ఉండేవి. ఇసుకలో నూనె కలిపి చదును చేసి, దాని మీదే బంతి దొర్లించేవారు. నీటి బొట్టు అక్కర్లేదు. తరాల తరబడి సైనికాధికారులు అలాగే ఆడారు.

బ్రౌన్లు వద్దు, గ్రీన్లే కావాలంటారా? అలాగే కానివ్వండి. 18 గ్రీన్లూ, 18 టీలూ కలిపితే సుమారు ఆరెకరాలు. ఆ ఆరెకరాలకే ఎండాకాలంలో నీళ్లు పెడితే రోజుకు లక్షా ఇరవై వేల లీటర్లు చాలు. 16 లక్షల్లో అది పదో వంతు కూడా కాదు. మిగతా గరిక దాని మానాన ఎండి, జూన్‌లో లేస్తుంది. ఆట ఆగదు.

మరి ఇంత సులువైన పని ఎందుకు చేయరు?

పచ్చదనం అమ్మకానికి

మణికొండ కథ చూస్తే జవాబు దొరుకుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీ, దుబాయ్‌కి చెందిన ఎమ్మార్ సంస్థ కలిసి ఒక ప్రాజెక్టు పెట్టాయి. 2003లో ఒప్పందం కుదిరింది. మొత్తం భూమి 535 ఎకరాలు. అందులో 15 ఎకరాలు సమావేశ కేంద్రానికి, హోటలుకు. 235 ఎకరాలు గోల్ఫ్ మైదానానికి, అదీ 66 ఏళ్ల లీజుకు. 285 ఎకరాలు విల్లాలకు, ఇళ్లకు.

ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. 235 ఎకరాల గోల్ఫ్ పక్కన 285 ఎకరాల ఇళ్ల స్థలాలు. కిటికీ తెరిస్తే పచ్చటి మైదానం కనబడే ఇంటికి ఒక ధర, బండరాళ్లు కనబడే ఇంటికి ఇంకో ధర. మే నెలలో గరిక గోధుమ రంగుకు తిరిగితే ఆటగాడికి నష్టం లేదు, ప్లాటు అమ్మేవాడికే నష్టం. అందుకే గోల్ఫ్ మైదానం రంగు మారకూడదు. ప్రజల భూమి మీద ప్రజల నీటితో పెంచిన ఆ పచ్చదనం పక్కవాడి స్థలానికి ధర పెంచే ఎరువుగా పని చేస్తుంది.

ఆ ప్రాజెక్టులో ప్రభుత్వ వాటా ఎలా తగ్గింది, ప్లాట్లు ఏ ధరకు పోయాయి అన్న దాని మీద 2011లో సీబీఐ కేసు నమోదైంది. నేరం ఎవరిదో కోర్టులు తేలుస్తాయి. మాకు అంతకంటే చిన్న ప్రశ్న ఒకటుంది. 2014 ఆగస్టు 15న దళిత కుటుంబాలకు మూడెకరాల పథకం మొదలైంది. దరఖాస్తు పట్టుకుని తిరిగిన కుటుంబాలకు ఆఫీసుల్లో వినబడిన మాట ఏమిటి? కొందామన్నా భూమి దొరకడం లేదని. 235 ఎకరాలను మూడుతో భాగించండి. 78 కుటుంబాలు. ఆట కోసం అంత భూమి దొరికింది, అన్నం కోసం దొరకలేదు.

పబ్లిక్ అంటే ఎవరు?

నయాఖిల్లా సంగతి వేరే. అక్కడ విల్లాలు లేవు. పదిహేడో శతాబ్దంలో మొఘలుల దాడులకు భయపడి గోల్కొండ కోటకు అదనంగా కట్టిన భాగం అది. పురావస్తు శాఖ రక్షణలోని కోట. లోపల పాత మసీదులున్నాయి. వందల ఏళ్ల వయసున్న బ్రహ్మాండమైన బావోబాబ్ చెట్టు ఉంది, దాన్ని హాథియోంకా ఝాడ్ అంటారు. కుతుబ్‌షాహీల నాటి తోట ఆనవాళ్లు, నీటి కాలువలు తవ్వకాల్లో బయటపడ్డాయి. ఆ గోడల మధ్యనే ఇప్పుడు గోల్ఫ్ మైదానం.

పర్యాటకం పేరుతో వచ్చిన మైదానం కాబట్టి దీన్ని పబ్లిక్ సొత్తు అనాలి. కానీ ఆ చెట్టు నీడన కాసేపు కూర్చుందామని ఇంటిల్లిపాదీ బయలుదేరితే దారి గోల్ఫ్ గేటు మీదుగా పోతుంది. కాపలావాడికి ఎవరు, ఎందుకు, ఎంతసేపు అని జవాబు చెప్పాలి. కోట జనానిది, చెట్టు జనానిది, గేటు ఆడేవాళ్లది. పాత చరిత్ర మీద పట్టున్నవాళ్లు ఈ తవ్వకాలనూ, ఈ ఆంక్షలనూ ఎన్నాళ్లుగానో ప్రశ్నిస్తున్నారు. వాళ్ల గొంతుకు రైతు సంఘం గొంతు కలపాలి.

సెయింట్ ఆండ్రూస్ మాట మళ్లీ ఎత్తాలి. ఆ ఓల్డ్ కోర్సులో మామూలు ఆదివారాల్లో ఆట ఉండదు. ఊరి జనం పిల్లలతో, కుక్కలతో ఆ గడ్డి మీద తిరుగుతారు. ఎందుకంటే ఆ నేల ఊరిది. 1974లో వాళ్ల పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం ఒక ట్రస్టు దాన్ని నడుపుతోంది. ప్రపంచంలోకెల్లా పేరున్న మైదానం వారానికి ఒక రోజు ఊరికి తలుపు తెరవగలిగితే మన నయాఖిల్లా ఎందుకు తెరవలేదు?

చట్టంలో ఉన్న కిటికీ

ఇదంతా హైదరాబాద్ గొడవ, మన ఊరికేం అనుకోవద్దు. 2013 భూసేకరణ చట్టం తీసి చదవండి. 'ప్రజా ప్రయోజనం' అంటే ఏమిటో చెప్పిన చోట మౌలిక వసతుల జాబితాలో క్రీడలు, పర్యాటకం కూడా ఉన్నాయి. ప్రైవేటు ఆసుపత్రులను, ప్రైవేటు విద్యాసంస్థలను, ప్రైవేటు హోటళ్లను మినహాయించారు. గోల్ఫ్ మైదానాన్ని మినహాయించలేదు. అంటే రేపు మీ ఊళ్లో ఒక క్రీడా నగరమో, పర్యాటక కేంద్రమో వస్తుందని నోటీసు ఇచ్చి అందులో గోల్ఫ్ మైదానం గీస్తే చట్టంలో అడ్డు చెప్పే మాట లేదు.

అదే చట్టంలోని పదో సెక్షన్ రెండు, మూడు పంటలు పండే నీటి వసతి భూములను చివరి గత్యంతరంగా తప్ప తీసుకోకూడదని చెప్పింది. తర్వాత మన రెండు రాష్ట్రాలూ సవరణలు తెచ్చి కొన్ని రకాల ప్రాజెక్టులకు ఇలాంటి రక్షణలను సడలించాయి. కాబట్టి నోటీసు వచ్చాక మేలుకుంటే ఆలస్యమే. ప్రాజెక్టు పటంలో పచ్చ రంగు వేసిన చోట ఏముందో గ్రామసభలోనే అడగాలి. పార్కు అంటే ఏ పార్కు, క్రీడ అంటే ఏ క్రీడ అని రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి.

మన మీద వేసే మాటలు

ఉద్యోగాలు వస్తాయంటారు. వస్తాయి. గడ్డి కోసేవాళ్లు, ఆటగాడి సంచి మోసే కేడీలు చాలామంది మన పల్లెల బిడ్డలే. వాళ్ల పని పోవాలని మేము కోరడం లేదు. కనీస వేతనం, పీఎఫ్, ఈఎస్ఐ ఇవ్వమని అడుగుతున్నాం. మందులు కొట్టేవాళ్లకు ముఖానికి గుడ్డ కాకుండా సరైన రక్షణ ఇవ్వమని అడుగుతున్నాం.

వరి కూడా నీళ్లు తాగుతుంది కదా అంటారు. తాగుతుంది, గోల్ఫ్ గడ్డి కంటే ఎక్కువే తాగుతుంది. కానీ ఎకరం వరి కొన్ని కుటుంబాలకు ఏడాది తిండి పెడుతుంది. ఆ పోలిక తెచ్చినవాళ్లు భోజనానికి కూర్చున్నప్పుడు ఆలోచించుకోవాలి.

పెట్టుబడిదారులు వస్తే గోల్ఫ్ ఉండాలి, లేకపోతే నగరానికి విలువ ఉండదంటారు. నగరానికి విలువ పాలు, కూరగాయలు, బియ్యం పొద్దున్నే చేరడం వల్ల ఉందని మేము అనుకుంటున్నాం.

మీరు అభివృద్ధికి అడ్డమా అంటారు. ఆట ఆడుకోండి, ఎవరూ అడ్డం పడరు. లెక్క చెప్పి ఆడుకోండి.

మా డిమాండ్లు

1. ప్రభుత్వ భూమి మీద ఉన్న ప్రతి గోల్ఫ్ మైదానం నీటి మీటరు పెట్టి, ఏ వనరు నుంచి ఎంత నీరు తీసుకుందో నెలనెలా గేటు దగ్గర బోర్డు మీద రాయాలి.

2. ఫిబ్రవరి నుంచి తొలకరి దాకా గ్రీన్లకు, టీలకు మాత్రమే నీళ్లు పెట్టాలి. అది కూడా శుద్ధి చేసిన నీరే కావాలి. మూసీ దిగువ రైతుల వాటా తగ్గకూడదు.

3. లీజు పత్రాలు, అద్దె, ప్రభుత్వ వాటా వివరాలు ప్రజల ముందు పెట్టాలి.

4. నయాఖిల్లాను వారానికి కనీసం ఒక రోజు పూర్తిగా జనానికి వదిలేయాలి. చెట్టుకు, మసీదులకు, తోటకు పోయే దారి మీద మిగతా రోజుల్లోనూ గోల్ఫ్ గేటు పెత్తనం ఉండకూడదు.

5. భూసేకరణలో క్రీడలు, పర్యాటకం అన్న పేరుతో గోల్ఫ్ మైదానాలకు, వాటి పక్కన విల్లాలకు సాగు భూమి తీసుకోబోమని రెండు ప్రభుత్వాలూ ఉత్తర్వు ఇవ్వాలి. అసైన్డ్ భూములకూ ఇది వర్తించాలి.

6. మైదానాల్లో పనిచేసే కార్మికులకు కార్మిక చట్టాలన్నీ అమలు చేయాలి.

ఈ ఆరింటిలో ఆటను ఆపమని అడిగేది ఒక్కటీ లేదు. మండల కమిటీలు ఈ డిమాండ్లను వచ్చే గ్రామసభల్లో తీర్మానంగా పెట్టాలి. లీజు పత్రాల కోసం, నీటి లెక్కల కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తులు పెట్టాలి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలని చట్టం చెబుతోంది. వచ్చిన జవాబులను, రాకపోతే ఆ సంగతిని, జిల్లా కమిటీకి పంపితే పత్రికలో ఊరి పేరుతో సహా అచ్చు వేద్దాం.

మన బోరుకు అనుమతి అడిగే ప్రభుత్వం వాళ్ల గరికకు కూడా అడగాలి. అడిగేదాకా మనం అడుగుతూనే ఉండాలి.